తలుపు అడుగున చిల్లులు

నల్లపూత డబ్బా మామగారి చేతికి చిక్కితే ఇంట్లో ఏ ఇనుప వస్తువుకీ రక్షణ ఉండదన్నది అత్తగారి ఫిర్యాదు. గేటు అయింది, మెట్ల కమ్మీ అయింది, ఆఖరికి ఆవిడ పాత ట్రంకుపెట్టె కూడా నల్లబడింది. అయితే ఆయన అసలు మమకారమంతా పాత వ్యాను మీదే. ఏటా వానలకు ముందు చాప పరుచుకుని దాని కిందికి దూరి, తుప్పు పట్టకుండా తారులాంటి ఆ పూతను సందన్నది లేకుండా మెత్తేవారు.

"నన్నూ ఇంత శ్రద్ధగా చూసుంటే నా మోకాళ్లు ఇలా కిర్రుమనేవా?" అనేవారావిడ.

తను కుట్టిన కర్టెన్లను కోడలు ఆ వ్యానులోనే ఇళ్లకు తీసుకెళ్లి తగిలించి వచ్చేది. తెల్లగుడ్డలతో పని కాబట్టి రోజూ పొద్దున్నే వ్యాను శుభ్రంగా కడుక్కునేది.

ఆ ఉదయం వెనక వీధి టీచరమ్మ తన కర్టెన్లు ఎలా వచ్చాయో చూద్దామని తానే వచ్చింది. కోడలు మడతపెట్టిన కర్టెన్లు చేతుల మీద పెట్టుకుని వ్యాను వెనక తలుపు లాగింది. తలుపు అడుగంచు బిస్కెట్టులా విరిగి, లోపలినుంచి గోధుమరంగు నీళ్లు తెల్లటి కర్టెన్ల మీదికి జారాయి.

మామగారు పేపరు పడేసి పరుగున వచ్చారు. చూసింది మాత్రం తలుపునే.

"రోజూ బకెట్లకు బకెట్లు గుమ్మరిస్తే తుప్పు పట్టక ఏం చేస్తుంది? నీ డబ్బుతో కొన్నదైతే ఇలాగే చూసేదానివా?"

"అది కాదు మామయ్యా, తలుపు లోపల ఇన్ని నీళ్లు ఎలా..."

"నాకు చెప్పకు. నువ్వు పుట్టకముందునుంచీ బళ్లు చూస్తున్నాను."

టీచరమ్మ తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడింది. కోడలు తాళాలు ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోను మామయ్యా."

మరకపడిన వాటిని నానబెట్టి, మిగిలినవి మూటకట్టి భుజాన వేసుకుని, టీచరమ్మ వెంట నడిచి వెళ్లిపోయింది.

ఇంకో పూత పడితే అన్నీ సర్దుకుంటాయనుకుని మామగారు స్క్రూడ్రైవరుతో వ్యాను పక్కన చతికిలబడ్డారు. రెండో తలుపు అడుగున బుడిపెలాంటిది తగిలితే గీకారు. నల్లటి ముద్ద ఊడిపడింది. వెనకే మురికినీళ్లు ఆయన మోచేతి దాకా పాకాయి. ముందు తలుపుల అడుగునా గీకారు. ఇంకో ముద్ద, మళ్లీ నీళ్లు. అద్దం సందులోంచి తలుపులోకి దిగే నీరు బయటికి పోవడానికే అడుగున చిల్లులు ఉంటాయి. సందన్నది లేకుండా మెత్తిన చెయ్యి ఏటేటా వాటినీ మెత్తేసింది.

ఆయన చెవులు వేడెక్కాయి. గేటు వైపు చూసి, నేల మీది నీళ్లను చెప్పుతో పులిమారు. తల ఎత్తితే కాఫీ గ్లాసుతో అత్తగారు.

"ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతానండీ? వాకిలంతా అదే చెబుతుంటే."

"పిల్ల వచ్చాక సముదాయిస్తాలే."

"అన్నది టీచరమ్మ ముందు. సముదాయించేది వంటింట్లోనా?"

కాఫీ ముట్టకుండానే ఆయన లేచి వెళ్లారు.

టీచరమ్మ ఇంట్లో కోడలు స్టూలెక్కి కర్టెన్లకు రింగులు ఎక్కిస్తోంది. గుమ్మంలో మామగారిని చూసి, మళ్లీ రింగుల వైపే తిరిగింది. ఆయన రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నారు.

"ఏం లేదండీ, ఇటే వెళ్తూ..." అన్నారు టీచరమ్మతో.

అంతలో స్టూలు ఒక పక్కకు ఒరిగింది.

"కాస్త పట్టుకోండి మామయ్యా," అంది కోడలు, అలవాటు కొద్దీ.

చేతులు బయటికి తీయక తప్పలేదు. మోచేతి దాకా అంటిన మరకను కోడలు పైనుంచి చూసింది. ఆ రంగు పొద్దున్నే చూసినదే.

"రెండో తలుపు కూడానా?" అంది మెల్లగా.

"అన్నీనమ్మా."

స్టూలు వదలకుండానే ఆయన టీచరమ్మ వైపు తిరిగారు.

"పొద్దున మీ ముందు ఈ పిల్లని అనరాని మాట అన్నానండీ. నీళ్లు పోయే చిల్లులు నా చేతులతో నేనే మూసేశాను. తప్పు మా కోడలిది కాదు. నాది."