పొగ మాకు కొత్తా?

చింతపండు పెట్టి తోమితే రాగి గంగాళం మెరుస్తుందని ఎవరికైనా తెలుసు. తరతరాల మసి కింద, ఆ గంగాళం అడుగున ఒక కొండ బొమ్మ దాగి ఉందని మాత్రం మాలకొండయ్య ఇంట్లో ఎవరికీ తెలియదు. మేనకోడలు వెంగమాంబ పట్టుబట్టి తోముతుంటే అది గీత గీతగా బయటపడింది. రెండు కొమ్ముల కొండ, దాని పాదాన వంక, వంక ఒడ్డున పడగెత్తిన పాములాంటి రాయి, రాయి వెనక గుహ. గుహలో వరసగా బానలు!

"మామా! తాత చెప్పిన పాలెగాడి సొమ్ము ఇదే!" అని వెంగమాంబ కేక పెట్టింది.

మాలకొండయ్య గంగాళాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. యుద్ధంలో ఓడిన పాలెగాడు నల్లమలలో బంగారం దాచి పారిపోయాడన్న కథ వింటూ పెరిగినవాడు. యాభై దాటినా ఆ పిచ్చి వదల్లేదు. పైగా ఆ జంటకొమ్ముల కొండ అతనికి తెలిసినదే, అభయారణ్యం లోపల ఉంది.

అక్క పేరమ్మ ఒప్పుకోలేదు. "ఉబ్బసం పిల్లరా అది. ఎండలు మండిపోతుంటే అడవికేంది?" అంది.

"ఎట్టా తీసకపోతానో అట్టా తెచ్చి నీకప్పజెప్తా. సరేనా?" అని మాలకొండయ్య మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పాత స్నేహితుడు ఓబులేసు జీపులో ముగ్గురూ బయల్దేరారు. అభయారణ్యం గేటు దగ్గర గార్డు సుంకన్న కర్ర అడ్డం పెట్టాడు.

"లోపల నిప్పు రేగింది. సందర్శకులను రానివ్వడం లేదు. గాలి ఇటు తిరిగిందంటే పొగలో దారి కనపడదు. వెనక్కి పోండి."

మాలకొండయ్య నవ్వాడు. ఊళ్ళో అతనికి పొగాకు బ్యారన్ ఉంది. పచ్చి ఆకును వేడి గాలితో పండించే ఆ ఎత్తయిన కొట్టు దగ్గరే పుట్టి పెరిగాడు. పక్క పొలంలో పొగ లేచినా తలెత్తి చూడని మనిషి.

"పొగ మాకు కొత్తా అబ్బాయ్? దాంట్లోనే అన్నం తిని దాంట్లోనే నిద్రపోతాం."

"బ్యారన్లో పొగ గొట్టంలోంచి పోద్ది మామా, మన ముక్కులోంచి కాదు" అని వెంగమాంబ గొణిగింది. మామ చెవిన పెడితేనా!

గేటు కనబడనంత దూరం వెనక్కి వచ్చి, జీపును తుప్పల చాటున ఆపి, ఎండిన వంకలో దిగి నడిచారు. బరువెందుకని వెంగమాంబ సంచిని జీపులోనే పెట్టించాడు మాలకొండయ్య. టార్చి, గడ్డపార, బంగారం మోయడానికి గోతాలు మాత్రం మరిచిపోలేదు. ఉబ్బసం మందు ఆ సంచిలోనే ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి రాకముందే జంటకొమ్ములు కనిపించాయి. అప్పుడే గాలి తిరిగింది. ముందు నెమళ్ళు అరుచుకుంటూ పోయాయి. వెనకే ఒక కణుజు దుప్పి తన పిల్లతో వాళ్ళను రాసుకుంటూ దూసుకుపోయింది. ఆ తర్వాత వెదురు కణుపులు ఫట్ ఫట్‌మని పేలే చప్పుడు. చూస్తుండగానే పొగ వంక నిండా కమ్మి, వెనకదారిని మింగేసింది.

"పరిగెత్తండి! ఆగొద్దు!" అని మాలకొండయ్య అరిచాడు.

"యాడికిరా పరిగెత్తేది?" ఓబులేసు ఏడుపు గొంతుతో అన్నాడు.

"పడగ రాయి! అదుగో! దూరండి లోపలికి!"

రాయి వెనక మనిషి పాకేటంత సందు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు లోపలికి జొరబడ్డారు. లోపల చల్లగా, విశాలంగా ఉంది గుహ. టార్చి వేస్తే గోడవారన నిండు బానలు వరసగా, మూతులకు సున్నం మెత్తి! ఓబులేసు గడ్డపార ఎత్తాడు. వెనక వెంగమాంబకు దగ్గు మొదలైంది.

అది మామూలు దగ్గు కాదు. పిల్ల రొమ్ము పట్టుకుని, గాలి కోసం నోరు తెరిచి, గోడకు జారబడింది. "మందు... సంచిలో..." అంది. ఆ సంచి దించినవాడు తనే కదా! అక్కకు ఏ మొహం చూపించాలి? పాలెగాడు, బంగారం, తాత కథ అన్నీ ఒక్క క్షణంలో ఎగిరిపోయి, ఆ పిల్ల ఊపిరి ఒక్కటే మిగిలింది.

టార్చి వెలుగులో చూశాడు. సందులోంచి దూరిన పొగ నేల వెంట పారుతూ వచ్చి, గుహ మధ్యలో లేచి, మూలనున్న పగులులోంచి పైకి పోతోంది. అడుగున కన్నం, పైన కిటికీ. గాలి కింద దూరి పైకి పోతోంది. ఇది గుహ కాదు, అచ్చం బ్యారనే!

"అడుగు కన్నం మూసెయ్యాల! ఓబులేసూ, గడ్డపార దించరా! బానలు దొర్లించు!"

"ఒక్కటి పగలగొట్టి చూద్దాంరా మాలకొండా..."

"పిల్ల చచ్చిపోతోందిరా! దొర్లించు!"

ఇద్దరూ భుజాలు ఆనించి ఒక్కో బానా సందులోకి నెట్టారు. చివరి బాన రాయికి తగిలి మూతి బీటలు వారింది. లోపల పచ్చగా తళుక్కుమంది. ఓబులేసు చెయ్యి చాచాడు. మాలకొండయ్య చూశాడు, చూసి కూడా గోడవారన ఊరిన బంకమట్టి దోసిళ్ళతో తెచ్చి ఆ తళుకు మీదే మెత్తాడు. బ్యారన్ తలుపు సందులు మూసినట్టే ప్రతి సందునూ మూశాడు. పొగ ఆగిపోయింది.

గోతాలను మేనకోడలి నడుము చుట్టూ చుట్టి వీపుకు కట్టుకున్నాడు. ముందు ఓబులేసు, వెనక అతను, ఆ పగులులోంచి పైకి ఎక్కారు. మోచేతులు చీరుకుపోయాయి. వీపు మీద పిల్ల ఊపిరి పిల్లనగ్రోవిలా సన్నగా కూస్తోంది. ఆ కూత వినిపిస్తున్నంతసేపూ ఎక్కాడు.

పైన రెండో కొమ్ము మీద ఒట్టి బండ. గాలికి ఎదురువైపు, నీలంగా ఆకాశం! ఎదురుగా, చేతిలో నిప్పు ఆర్పే పచ్చికొమ్మతో గార్డు సుంకన్న, వెనక అతని మనుషులు.

"ఈ కొమ్ము మీద గొట్టంలోంచి వచ్చినట్టు పొగ లేస్తా ఉంటే నిప్పు ఇటు పాకిందని వస్తిమి. వచ్చేలోపల టక్కున ఆగిపాయె. పొగ దానంతటది ఆగదు, లోపల ఎవరో ఉండారనుకుంటిమి" అన్నాడు సుంకన్న. పిల్లను చూడగానే తిట్లు మింగేసి, అటుపక్క దారిలో ఆపిన వాహనంలోకి ఎక్కించి, ఆక్సిజన్ గొట్టం పెట్టించాడు. ఓబులేసు గుర్తులు చెప్పగా తన మనుషుల్లో ఇద్దరిని జీపు దగ్గరికి తరిమి సంచి తెప్పించాడు.

గేటు చేరేసరికి వెంగమాంబ ఊపిరి కుదుటపడింది. అప్పుడు తీరిగ్గా, మనసారా తిట్టాడు సుంకన్న. "పొగ మీకు కొత్త కాదంటివే పెద్దాయనా!"

"కొత్తే అబ్బాయ్. ఇయ్యాలే చూశా" అని మాలకొండయ్య రెండు చేతులూ జోడించాడు. తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని అతనికి ఆనాడే తెలిసింది.

ఇంటికి రాగానే పిల్లను అక్కకు అప్పగించి, మాలకొండయ్య గంగాళం నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. ఎండుకంప ఎగదోశాడు. అడుగున కొమ్ములు, వంక, పడగ రాయి ఒక్కొక్కటే నల్లబడిపోయాయి.

అరుగు మీద తలగడకు ఆనుకుని వెంగమాంబ చూస్తోంది. "వానలు పడ్డాక పోదామా మామా?" అంది కొంటెగా. గొంతులో ఇప్పుడు కూత లేదు.

"నీళ్ళు కాగినై, పోయి తలంటుకో" అన్నాడు మాలకొండయ్య. "ఇంకెప్పుడన్నా ఆ గంగాళం తోమావంటే చూడు!"