రజిత సమాధికి సిమెంటు

యోహాను నాలుగు నిమిషాలు చచ్చి బతికిండు. వీపనగండ్లల ఆ ముచ్చట తెల్వనోళ్లు లేరు. పుణెకు కూలికి పోయి పైపుల కోసం గుంత తవ్వుతుంటే గడ్డ కూలి మీద పడ్డది. బయటికి గుంజేసరికి గుండె ఆగింది, దవాఖానల మళ్ల కొట్టుకున్నది. ఇంటికొచ్చిన సంది ఒకటే గోల. పాస్టరు సాక్ష్యం చెప్పమంటడు, పక్కోళ్లు "దేవదూతలు కనబడ్డరా?" అని పీక్కతింటరు.

ఏం చెప్తడు? ఆడ వెలుగు లేదు, పాట లేదు, పిలిచే గొంతు లేదు. ఏమీ లేదు. ఒక్క రుచి ఉన్నది, కుళ్లిన మాంసంల బురద కలిపినట్టు. ఆర్నెల్లాయె, నాలుక మీదికెల్లి అది పోలే. ముద్ద నోట్ల పెడితే ఉమ్మేస్తడు. ఇన్నేండ్లు ప్రతి చావుకాడ "మళ్ల కలుసుకుంటం" అని పాడిన తన నోరంటే తనకే రోత. థూ!

ఈస్టరు ముందటి శనివారం. తెల్లారితే సమాధుల పండుగ. ఊరోళ్లు పొద్దుగాలనే వచ్చి సున్నాలు వేసి, పూలు పెట్టి పోయిన్రు. పక్కింటి సారమ్మ బిడ్డ రజిత జ్వరంతోని పోయి ఏడాదైంది. ఏడాది తిరిగితే మట్టికుప్ప మీద సిమెంటు దిమ్మె కట్టాలె. యోహాను మేస్త్రి. ఆ పని ఆయన మీదనే పడ్డది.

సారమ్మ సమాధి తలకాయ దిక్కు కూసున్నది, ఒడిల టిఫిను డబ్బా. వారం సంది ఆమె మెతుకు ముట్టలే. బిడ్డ మనాదితోని ముసలిది పోయేటట్టే ఉన్నదని వాడంత అనుకుంటున్నది.

మిట్టమధ్యాహ్నం ఎండ. యోహాను పారతోని మన్ను సాపు చేస్తుండు. ఇన్ని ఈగలు యాడికెల్లి వచ్చినయో! కాలు పెట్టినకాడల్ల మన్ను దిగబడుతున్నది. రెండు నెలల సంది వాన చుక్క లేదాయె… మరి గీ తడి ఏంది? బొటనవేలికి పచ్చటి జిగురు అంటింది. వాసన చూసే ధైర్యం లేక లుంగీకి రుద్దుకున్నడు.

"యోహానూ… నిజం చెప్పు బిడ్డా. ఆడ నా రజిత కనబడ్డదా?"

లేదంటే ముసలిది బతకది. అవునంటే తన నోరు మళ్ల మురికైతది.

"కనబడ్డది పెద్దమ్మా. తెల్ల చీర కట్టింది. 'మా అమ్మను మంచిగ తినమను' అన్నది."

సారమ్మ ఏడువలే, నవ్వలే. ఆయన మొహంలకు చూసింది.

"నువ్వు గిట్లనే చెప్తవని అన్నది," గుసగుసగ అన్నది.

"ఎవలు?"

"రజితనే. రాత్రి వచ్చి చెప్పింది. 'యోహానన్న అబద్ధమాడ్తడు, ఏమనకమ్మా, నీ మీద ప్రేమ, పావురంతోని ఆడ్తడు' అన్నది. ఆడ ఎవలూ లేరట గద బిడ్డా? దేవుడు గూడ లేడట. ఆకలి ఒక్కటే ఉన్నదట."

డబ్బా మూత తీసింది. లోపట పచ్చి కార్జం. నల్లగైంది, ఈగలు ముసిరినయి.

"అన్నం పెడితే కక్కింది. గిదైతే తింటది. అది తింటుంటే చూసినంక… నాకేం తినబుద్ధైతలేదు."

యోహాను చేతులకెల్లి పార జారింది. అవతల ఏమీ లేదని ఆర్నెల్లు కుమిలి కుమిలి ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఏమీ ఉండొద్దని మొక్కబట్టె. ఎవలకు మొక్కాల్నో తెల్వదు.

"సిమెంటు వెయ్యకు బిడ్డా," సారమ్మ బతిమాలింది. "అది వచ్చే తొవ్వ మూసుకపోతది."

"నీకు పానం బాగలేదు పెద్దమ్మా… ఇంటికి పోదాం పా."

"నా బిడ్డ ఒక్కతే వస్తదనుకుంటున్నవా?"

యోహాను తలెత్తి సుట్టూ చూసిండు. సున్నం వేసిన దిమ్మెలు వరుసగ ఉన్నయి. ప్రతి దిమ్మెకు కాళ్ల దిక్కు జానెడు సిమెంటు పగిలి ఉన్నది. ప్రతి పగులు ముంగట, పూల నడుమ, ఒక టిఫిను డబ్బా. మూతలు తీసి ఉన్నయి… అన్నీ నాకినట్టు సాపుగ ఉన్నయి.