దొర కారుల స్పీకరు

నా ముక్కు మంచిదే. గా ముచ్చట ముందుగాల చెప్తున్న. ఎందుకంటే అప్పుడు అందరు నా ముక్కునే తప్పుపట్టిన్రు. కడుపుతోని ఉన్నదానికి పక్కింట్ల పోపు పెట్టినా కంపే కొడ్తదని నవ్విన్రు. ఏవిళ్లు నాకు ఎప్పుడో తగ్గినయ్. అప్పటికి ఎనిమిదో నెల నడుస్తున్నది.

మాది జమ్మికుంట. మా ఆయన దేవదాస్ రేడియోలు, టేపురికార్డులు, కార్ల స్పీకర్లు బాగుచేస్తడు. దుకాణమంటే వేరే ఏం లేదు, మా ఇంటి ముంగటి రేకుల కొట్టమే. తొంభై ఆరు, వానకాలం. పగటి అన్నం తిని నేను గిన్నెలు కడుగుతుంటే భూపాల్‌రావు దొర కారు వచ్చి వాకిట్ల ఆగింది. బొంబాయిల ఎవరో వాడి వాడి ఇడిసిపెట్టిన ఫారిన్ కారు అది. దొర దాన్ని కొత్త అల్లున్ని చూసుకున్నట్టు చూసుకుంటడు.

"దేవదాసూ, ఎనక సీటు మీది పలకల కంపెనీ వాళ్లే బిగించిన పెద్ద స్పీకరున్నది. పాతదై పాడైంది. పాట పెడితే ముసలోడు దగ్గినట్టు గుర్రుమంటది. అది పీకి కొత్తది ఎయ్యి" అన్నడు దొర. కొత్త స్పీకరు హైదరాబాద్ నుంచి తెప్పించిండు. ఇంకా అట్టడబ్బల్నే ఉన్నది.

మా ఆయన కూలి ముచ్చట తీయకముందే నేను అడ్డం పడ్డ. "దొరా, మాకు కూలి వద్దు. నాకు నొప్పులొచ్చిన నాడు నీ కారియ్యి. కరీంనగర్ దవఖానకు పోవాలె."

"నీకంటె నీ పెండ్లామే నయం రా, బేరం తెల్సినామె" అని దొర నవ్వి, సరే అని, ఎవరిదో జీపెక్కి పత్తి మార్కెట్‌కు పోయిండు. డ్రైవర్ మొండయ్య మా అరుగు మీద కూసున్నడు.

నవ్వితే నవ్వనియ్యి. మొదటి కాన్పుకు నేను నొప్పులతోని బస్టాండ్ల కూసున్నదాన్ని. బస్సు రాలే. ఆలస్యమైందన్నరు దవఖానల. ఆడపిల్ల పుట్టింది. తాగిన పాలు తాగినట్టే నా భుజం మీద కక్కుకుంట, కక్కుకుంట, నెల తిరగకముందే పోయింది. ఈ కడుపునన్న నిలుపుకోవాలె. అప్పుడు నాకున్న ఫికరంత గదే.

కారు తలుపు తీసిన్రు. థూ...!

చచ్చిన ఎలుక కంపు నాకు తెలుసు. మురిగిన చేపల కంపూ తెలుసు. ఇది వేరే. పులుపు, ఎచ్చదనం, అండ్ల కొంచెం తీపి. పసిపిల్ల కక్కిన పాలబట్టను ఉతకకుండ మూటగట్టి మూలకు పడేస్తే ఎట్లుంటది, గట్ల. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న.

"ఏం కంపయ్యా ఇది!"

"నాకేం వస్తలే" అన్నడు దేవదాస్.

"నాకు గూడ వస్తలేదక్కా" అన్నడు మొండయ్య. "నా బీడీ వాసనేమో."

బీడీనట బీడీ! వాళ్ల ముక్కులల్ల మన్ను పడ.

ఎనక సీటు గుంజి అవుతల పెట్టిన్రు. వాన ముసురు, పొద్దుందంగనే చీకటి లెక్క ఉన్నది. దేవదాస్ లోపటి నుంచి మీది మరలు ఇప్పుతుండు. కింది నట్లు డిక్కీలకెల్లి పట్టుకోవాలె. ఆ సందుల ఆయన చెయ్యి పట్టదు. "నీ చెయ్యి సన్నగుంటది, జర పట్టుకోవే" అన్నడు. ఇంతకుముందు గూడ గట్ల పట్టుకున్నదాన్నే. ఒక చేత బ్యాటరీ లైటు, ఇంకో చెయ్యి సందులకు పెట్టిన.

స్పీకరు అంచుకు రబ్బరు ఉంటది గదా, అది కరిగి తారు లెక్క అయింది. వేళ్లకు అంటుకున్నది. సరే, పాత సామాన్ గట్లనే ఉంటది అనుకున్న. ఇంకా లోపటికి తడిమిన. అట్ట ఉండాలె అక్కడ. అట్ట కాదు... మెత్తగ, తడిగ, ఎచ్చగ. మన నాలుకతోని మన చెంప లోపట తడుముకుంటే ఎట్లుంటది, గట్ల ఉన్నది. చటుక్కున చెయ్యి గుంజుకున్న.

"ఎచ్చగున్నదయ్యా..."

"ఎండకు కాగింది."

"ఎండెక్కడిది, పొద్దటి సంది వానైతే! తాడిచెట్టు ఎందుకెక్కినవంటే దూడగడ్డి కోసమన్నట్టున్నది నీ ముచ్చట."

ఆయన వైర్లు కత్తిరించి నాకు చూపించిండు. రెండు కొసలు ఆయన చేతులనే ఉన్నయ్. "ఇగ దీంట్ల కరెంటు లేదు. భయపడకు" అన్నడు.

గప్పుడే కడుపుల ఉన్నది తన్నింది. ఎడమ దిక్కు, గట్టిగ.

డిక్కీల స్పీకరు... టప్ అన్నది.

లైటు దాని దిక్కు తిప్పిన. మళ్ల తన్నింది. అట్ట జాగల లోపటికి గుంజుకపోయి ఉన్న ఆ మెత్తటి పొర మెల్లగ ఉబ్బింది. నా దిక్కే ఉబ్బింది. టప్. నేను శ్వాస బిగవట్టిన. కడుపుల కదలిక ఆగింది. అది గూడ ఆగింది. జరసేపైనంక... తన్నింది.

టప్.

"దేవదాసూ!" అని పేరు పెట్టే కేకేసిన. లగ్గమైన కాడి నుంచి ఆయన్ను పేరు పెట్టి పిలిచింది గదే మొదటిసారి.

ఆయన భయపడి స్పీకరును ఒక్క గుంజు గుంజిండు. దాని ఎనక నుంచి పచ్చగ, చిక్కగ ఒకటి తీగలు తీగలుగ సాగి వచ్చింది. జున్ను లెక్క ఉన్నది. ఒక ముద్ద నా మణికట్టు మీద పడి కిందికి జారింది. అక్కడ్నే, డిక్కీ పక్కపొంటే కక్కుకున్న. తిన్నదంత పోయినంక ఉత్త పసరు కక్కుకున్న. సబ్బుతోని కడిగిన. బూడిద పెట్టి తోమిన. తోలు ఎర్రగైంది గని ఆ జిగట పోయినట్టు అనిపియ్యలే. ఇప్పటికీ నేను ఆ చేత అన్నం కలపను.

మా ఆయనకు మాత్రం దాన్ని పారెయ్య పానం ఒప్పలే. "పాత సామాన్ మెకానిక్‌దే. అయస్కాంతం పనికొస్తది" అని నసిగిండు.

"అది ఇంట్లుంటే నేనుండ. ఎంచుకో."

గోనెసంచిల చుట్టి, సైకిల్ మీద తీస్కపోయి, ఊరవతల ఇటుకబట్టీ గుంతల పడేసి వచ్చిండు. నీళ్లు నిండుగ ఉన్నయట, బుడుంగున మునిగిందట. తర్వాత కొత్త స్పీకరు బిగించిండు. రెండు వైర్లు బ్యాటరీ సెల్లుకు ముట్టిస్తే టక్కున మంచిగ పలికింది. టేపు పెడితే రేకులు అదిరినయ్. నేను కారుల తల పెట్టి వాసన చూసిన. కొత్త రబ్బరు వాసన, అంతే. యేసయ్యా, గండం గడిచింది అనుకున్న.

దీపాలు పెట్టే యాళ్లకు నాకు నొప్పులు మొదలైనయ్. నెల ముందుగాల.

"చూసినవా, కారు వాకిట్లనే ఉన్నది. దేవుడే ఆపిండు" అన్నడు దేవదాస్. నాకు ఆ కారు ఎక్క బుద్ధి కాలే. గని అడిగింది నేనే, బేరమాడింది నేనే. బస్టాండు యాదికొచ్చింది. పండ్లు బిగవట్టి ఎనక సీట్ల కూసున్న. ఆయన నా పక్కన. మొండయ్య బండి తీసిండు. వాన దంచుతున్నది.

హుజూరాబాద్ దాటేదాక కడుపుల మంచిగనే మెసిలింది. దాటినంక... ఆగింది. చెయ్యి పెట్టి ఒత్తిన. పక్కకు ఒరిగిన. ఏం లేదు. రాయి లెక్క ఉన్నది.

టప్.

నా మెడ ఎనక.

"టేపు బంద్ చెయ్యయ్యా..." అన్న మెల్లగ.

"టేపు పెట్టనేలేదే" అన్నడు దేవదాస్.

టప్... టప్... మెడకు తాకుతున్నది. ఎడమ దిక్కు, గట్టిగ. నాకు తెలుసు ఆ తన్నుడు. నెలల సంది నా పక్కటెముకల కింద తిన్నదాన్ని, నాకు తెల్వదా?

"మొండన్నా, గుంతలా అవి?"

"రోడ్డు సాపుగనే ఉన్నదక్కా" అన్నడు. ఆయన గొంతు సన్నగైంది. అద్దంల ఎనక్కి చూస్తలేడు.

గప్పుడొచ్చింది కంపు. పులుపు, ఎచ్చదనం, తీపి. ఈసారి దేవదాస్ తువ్వాల తీసి ముక్కుకు పెట్టుకున్నడు.

దవఖానల పోంగనే కాన్పైంది. మగపిల్లగాడు. నల్లగ కమిలి ఉన్నడు. సిస్టర్ తలకిందులు పట్టి ఈపు మీద కొట్టింది. అరికాళ్ల మీద కొట్టింది. ఉలుకు లేదు, పలుకు లేదు. ప్రభువా, ఇదన్న నాకియ్యి, ఎట్లున్నా మంచిదే నాకియ్యి అని మొత్తుకున్న.

ఏడుపు వినవడ్డది.

కిటికీ అవతలకెల్లి. కారు ఆపిన దిక్కుకెల్లి. సిస్టర్ గూడ అటే చూసింది. ఆమె చేతుల పిల్లగాడు కదలకుండ ఉన్నడు. జరసేపటికి వాని రంగు తిరిగింది, కాళ్లు ఆడిచ్చిండు. "బతికిండమ్మా, గండం తప్పింది" అన్నది సిస్టర్, గని నా మొగం చూడలే. మొండయ్య చెప్పులు లేకుండ వరండలకు ఉరికొచ్చి, తాళంచెవి దేవదాస్ చేతుల పెట్టి, వానల నడుచుకుంట పోయిండట. మళ్ల దొర కాడ పనికి పోలే.

ఇప్పుడు పిల్లగానికి నడక వచ్చింది. బొద్దుగున్నడు, రోగం లేదు, నొప్పి లేదు. చూసినోళ్లంత ఎత్తుకుంటరు. నేను పాలిచ్చిన, కాదనను. మొగం గోడకు తిప్పుకొని ఇచ్చిన. కన్నతల్లికి కన్నకొడుకు మీద డోకు వస్తదా అని మీరంటరు. నాకొస్తది. పిచ్చిదన్నా సరే, నేను చూసింది మీరు చూడలే.

నిన్న పొద్దుగాల వాకిట్ల జారి పడ్డడు. ఏడుపు విని నేను పొయ్యి కాడి నుంచి ఉరికొచ్చిన. వాడు మెల్లగ లేచి కూసున్నడు. మోకాలు చూసుకున్నడు. ఏడుపు వాకిలంత వినవడుతున్నది. వాని నోరు మూసే ఉన్నది. తల ఎత్తి నన్ను చూసిండు. నేను చూస్తున్ననని తెలిసినంక... నోరు తెరిచిండు.