మలుపింటి లైను

ఊరు దాటి కొండెక్కే దారిలో, రెండో మలుపు దగ్గర ఒక డాబా ఇల్లు ఉంది. పగలు చూస్తే భయపడాల్సిందేమీ లేదు. సున్నం రాలిన గోడలు, తుప్పు పట్టిన గేటు, డాబా మీద ఒక ఇనప గొట్టం, దానికి బిగించిన తెల్లటి పళ్ళెం, పక్కన చిన్న సోలారు పలక. అంతే.

చీకటి పడితే మాత్రం ఆ దారిన ఎవరూ ఒంటరిగా పోరు.

పాలవ్యాను డ్రైవరు ఒక రాత్రి అక్కడ టైరు మార్చుకోవడానికి ఆగాడు. నట్లు రెండు విప్పాడో లేదో, ఇంట్లోంచి ఆడమనిషి గొంతు... నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు, సాగదీస్తూ.

“లై...ను... లే...దు...”

ఆ రెండు నట్లూ అక్కడే వదిలేసి, మిగతా వాటి మీదే బండి పోనిచ్చాడు. మర్నాడు పట్టపగలు ఇద్దర్ని తోడు తీసుకుని వెళ్ళి వెతికి తెచ్చుకున్నాడు.

ఇదంతా నెట్టబ్బాయి చెప్పగా విన్నది. అతనికి నలభై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. అయినా నెట్టబ్బాయే. అబద్ధాలాడే మనిషి కాదు. ఇంటర్నెట్ అమ్ముకుని బతికేవాడు కాబట్టి స్పీడు విషయంలో తప్ప.

అతని కంపెనీ అంటే ఒక గది. అందులో ఒక తెర, తెర మీద చుక్కలు. చుక్క పచ్చగా ఉంటే అక్కడ నెట్టు ఉన్నట్టు, ఎర్రబడితే పోయినట్టు. చుక్కల్ని కాపలా కాసేది భార్య. స్తంభాలెక్కడానికి ఒకడు... మనిషి పొడుగు కాబట్టి అందరూ నిచ్చెన అంటారు. ఊళ్ళో వాటర్ ట్యాంకు మీద నుంచి వదిలిన సిగ్నలు కొండ వెనక ఊళ్ళకి తిన్నగా పోదు, కొండ అడ్డం. అందుకని మలుపింటి డాబా మీద పళ్ళెంలో వాలి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎగరాలి. మలుపిల్లు ఆగితే కొండ వెనక మూడూళ్ళూ చీకటే.

ఆ ఇల్లు ఎక్స్ఛేంజి పెద్దమ్మది. ముప్ఫై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. వెనకా ముందూ ఎవరూ లేరు. డాబా అడగడానికి అతను వెళ్ళినప్పుడు రెండు ముక్కల్లో తేల్చేసింది... గొట్టం పెట్టుకో, నాకు లైను ఇయ్యి. కాగితాల్లేవు, సంతకాల్లేవు. ఇంటి తాళం ఒకటి చేతిలో పెట్టి పంపించేసింది. అతను పళ్ళెం డాబా మీద బిగించి, దాని బ్యాటరీ, నెట్టు పెట్టె ఇంట్లో అరలో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి అతని ప్రాణానికి ఆమె ఫోను ఒకటి మొదలైంది. తెర మీద చుక్క ఎర్రబడే లోపే మోగేది.

“అబ్బాయ్. లైను లేదు.”

టక్. పెట్టేసేది. హలో లేదు, ఉంటానని లేదు. బాగు చేశాక మళ్ళీ మోగేది.

“అబ్బాయ్. లైను వచ్చింది.”

“సరే పెద్దమ్మా” అని అతను అనేలోపే, టక్.

నాలుగేళ్ళు ఇదే వరస. అర్ధరాత్రయినా అంతే. ఆమెకు క్షణంలో ఎలా తెలిసిపోతుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఈవిడ నిద్రపోదా, కళ్ళు మూయదా అని భార్య నవ్వేది.

నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం అలాగే ఫోనొచ్చింది. అబ్బాయ్, లైను లేదు. అతను తెర చూశాడు. మలుపింటి చుక్క పచ్చగా నిగనిగలాడుతోంది. ఉంది పెద్దమ్మా, ఒకసారి పెట్టె ఆపి వేసి చూడు అన్నాడు. అవతల నుంచి కాసేపు ఏమీ లేదు. తర్వాత టక్.

తెల్లారి పేపరు వేసేవాడు చూశాడు. కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని పోయింది.

ఆవిడకి ఆ సాయంత్రం కావాల్సింది లైను కాదేమో, మనిషేమో అని అతనికి ఆ తర్వాత తట్టింది. స్కూటరు మీద పది నిమిషాల దారి. వెళ్ళలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్యకి తప్ప. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కే ధైర్యమూ చెయ్యలేదు. డాబా మీద పనేదైనా పడితే నిచ్చెననే పంపించేవాడు. ఇంటి వెనక నుంచి డాబా మీదికి మెట్లున్నాయి కాబట్టి నిచ్చెనకీ లోపలికి వెళ్ళే అవసరం పడలేదు. పోయినావిడ కనెక్షను మాత్రం లిస్టులో అలాగే ఉంచాడు. డాబా వాడుకుంటూ లైను తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

మబ్బులు పట్టిన నెలలో మొదలైంది గొడవ. రోజూ రాత్రి ఒంటిగంట దాటాక మలుపింటి చుక్క ఎర్రబడుతుంది. పొద్దెక్కాక దానంతటదే పచ్చబడుతుంది. పగలు నిచ్చెన వెళ్ళి చూస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. రాత్రిపూట వెళ్ళి చూడమంటే వెళ్ళాడు గానీ, గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగొచ్చాడు. రెండు రోజులు జ్వరం.

“ఎంత ఎత్తయినా ఎక్కుతాను, అన్నా” అన్నాడు. “ఆ మెట్లు మాత్రం ఎక్కను. పెద్దమ్మ లోపలే ఉంది. లైను లేదంటోంది.”

నెట్టబ్బాయి దెయ్యాల్ని నమ్మడు. నమ్మడు కానీ, వెళ్ళలేదు.

ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. కొండ వెనక ఆసుపత్రి నర్సమ్మ. ఆసుపత్రంటే రెండు గదులు. అక్కడ సెల్లు అందదు. డాబా ఎక్కి ఒక మూల నిలబడితే మాట వెళ్తుంది, బొమ్మ వెళ్ళదు. ఆమె అక్కడే నిలబడి మాట్లాడుతోంది. భార్య విని, ఫోను చేత్తో మూసి, అతని వైపు తిరిగింది.

“నాన్నకి గుండెల్లో నొప్పిట. ఆసుపత్రికి తెచ్చారట.”

మామగారిది కొండ వెనక ఊరే. పెళ్ళిలో పెట్టని పేచీలన్నీ ఆయన నెట్టు విషయంలో పెట్టేవాడు. అల్లుడి నెట్టు కంటే నడిచెళ్ళి చెప్పి రావడం నయమని పదిమందిలో అనేవాడు. ఇప్పుడాయన మంచం మీద ఉన్నాడు, నర్సమ్మ చేతిలో గుండె గ్రాఫు ఉంది. పట్నంలో డాక్టరు దాన్ని చూసి సరేనంటే ఇంజక్షను ఇవ్వాలి. చూడకుండా ఇస్తే అదే ప్రాణం తియ్యొచ్చు. ఆ గీతలు మాటల్లో చెప్తే కుదరదు. అంబులెన్సు కొండ చుట్టి రావడానికి రెండు గంటలు. అంతసేపు ఆగలేమంటోంది నర్సమ్మ.

తెర మీద మలుపింటి చుక్క ఎర్రగా ఉంది.

అతను గదిలో వాడకంలో ఉన్న బ్యాటరీ ఊడదీసి, స్కూటరు ముందు పెట్టుకుని, టార్చిలైటు జేబులో వేసుకుని బయల్దేరాడు.

రెండో మలుపు...

స్కూటరు ఆపగానే నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది. గేటు తోశాడు. కిర్రుమంది. నాలుగడుగులు వేశాడు—

“లై...ను... లే...దు...”

పెద్దమ్మ గొంతే. సందేహం లేదు. కానీ మామూలు గొంతు కాదు, నూతి అడుగు నుంచి లాగుతున్న గొంతు.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు వెనక్కి తిరగమంటున్నాయి. వెనక్కి తిరిగితే మామగారు దక్కరు. తిరగలేదు. తాళం మూడోసారికి పట్టింది.

లోపల దుమ్ము వాసన. టార్చి వెలుగులో కుర్చీ... ఆ కుర్చీ. ఖాళీగా ఉంది.

“లై...ను...”

అతను కుర్చీతోనే చెప్పాడు, గుసగుసగా.

“పెద్దమ్మా, ఆ రోజు రాలేదు. తప్పే. ఇవాళ వచ్చాను.”

“...లే...దు...”

మాట కుర్చీలోంచి రాలేదు. కుర్చీ పక్క అరలోంచి వచ్చింది.

టార్చి అటు తిప్పాడు. అరలో అతని బ్యాటరీ, నెట్టు పెట్టె. వాటి పక్కన అగ్గిపెట్టెకి రెండింతలుండే ఒక నల్లటి డబ్బా... పాత టెలిఫోను లోపలి స్పీకరు, దానికి పొందిగ్గా అతికిన చిన్న సర్క్యూటు. దాని వైర్లు రెండు బ్యాటరీకీ, ఒకటి నెట్టు పెట్టె లైటుకీ వెళ్తున్నాయి. లైటు ఆరి ఉన్నంతసేపూ ఒక మాట, వెలగగానే ఇంకో మాట. రెండూ ఆవిడే రికార్డు చేసి పెట్టుకుంది. చివరి ఏళ్ళలో చూపు మందగించింది, లైట్లు కనబడేవి కావు. ఎవరికీ చెప్పకుండా, ఎక్స్ఛేంజిలో నేర్చిన విద్యతో చెవులకి పని చెప్పుకుంది. నాలుగేళ్ళుగా ఆమెకు క్షణంలో ఎలా తెలిసేదో అతనికి అప్పుడు అర్థమైంది.

మిగతాదీ అర్థమైంది. స్విచ్చి నొక్కాడు, కరెంటు లేదు. మనిషి పోయాక కరెంటాఫీసు వాళ్ళు ఫ్యూజు పీక్కుపోయారు. ఆవిడ కరెంటుతో నడుస్తోందనుకున్న అతని లైను, ఇన్నాళ్ళూ డాబా మీది చిన్న సోలారు పలక మీదే ఈడ్చుకొస్తోంది. ఇంట్లోకి ఒక్కసారి తొంగిచూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. మబ్బులు పట్టేసరికి రాత్రి ఒంటిగంటకి బ్యాటరీ చతికిలబడుతోంది. పళ్ళెం ఆగిపోయినా డబ్బాకి ఆ కొస ప్రాణం చాలు. బ్యాటరీ నీరసించేకొద్దీ గొంతు సాగుతుంది. అదీ దెయ్యం.

స్పీకరుకి క్షమాపణ చెప్పుకున్నానా అని అతనికి సిగ్గేసింది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశాడు కూడా. డబ్బా వైర్లు మూడూ పీకి, దాన్ని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. పాత బ్యాటరీ తీసి తను తెచ్చింది బిగించాడు. వెనక నుంచి డాబా ఎక్కి భార్యకి ఫోను చేశాడు.

“చూడు.”

“ఎర్రగానే ఉందండీ.”

పళ్ళెం వెనక లైటు మిణుకుతోంది. లేచి కుదురుకోవడానికి దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఫోన్లో భార్య ఊపిరి వినిపిస్తోంది. కొండ వెనక ఒకే ఒక్క దీపం కనిపిస్తోంది, ఆసుపత్రిది కాబోలు. మామగారు ఎన్ని మాటలన్నా సరే, ఇంకో ఇరవై ఏళ్ళు అంటూనే ఉండాలని అతను గట్టిగా అనుకున్నాడు. అంతకు ముందెన్నడూ అలా అనుకోలేదు.

“ఇంకా?”

“ఎరుపే.”

అప్పుడు కింద నుంచి, మెట్ల మీదుగా, గొంతు స్పష్టంగా, చురుగ్గా వచ్చింది.

“అబ్బాయ్. లైను వచ్చింది.”

టక్.

“సరే పెద్దమ్మా” అన్నాడతను, అలవాటు కొద్దీ.

ఆ మాట నోట్లో ఉండగానే పళ్ళెం వెనక లైటు నిలకడగా వెలిగింది. పచ్చబడిందండీ అని ఫోన్లో భార్య ఏడ్చేసింది. నిమిషంలో గ్రాఫు పట్నం చేరింది. మరో మూడు నిమిషాల్లో డాక్టరు ఇవ్వమన్నాడు. నర్సమ్మ ఇచ్చింది.

తెల్లారేసరికి మామగారు పట్నం ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, ఇక్కడ నెట్టు బాగా వస్తోంది, ఇది మన అల్లుడిది కాదనుకుంటా అన్నాడట. ఆ కబురు విని మొగుడూ పెళ్ళాం తెర ముందు కూర్చుని చాలాసేపు నవ్వారు. భార్య టీ తెచ్చింది.

“రాత్రి మీ పక్కన ఎవరున్నారు?” అంది. “లైను వచ్చిందని ఎవరో అన్నారు. ఫోన్లో వినబడింది. అప్పటికి నా తెర మీద ఎర్రగానే ఉంది.”

“ఎవరూ లేరు. ఇదీ సంగతి” అని నవ్వుతూ జేబు బొత్తాం తీసి, డబ్బా బల్ల మీద పెట్టాడు. పెద్దమ్మ తెలివీ, నిచ్చెన జ్వరమూ, పాలవ్యాను నట్లూ అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు.

భార్య డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలాడుతున్న వైర్లు మూడింటినీ వేలితో విడదీసింది. చుక్కలతో కాపురం చేసే మనిషి, తొందరగా దేన్నీ ఒప్పుకోదు.

“దీన్ని ఎప్పుడు పీకారు?”

“బ్యాటరీ మార్చకముందే. పీకేసి, జేబులో వేసుకుని, పైకె—”

టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

తెర మీద చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. మలుపింటి చుక్క కూడా.

భార్య గొంతు తగ్గించి అడిగింది.

“మీరేమన్నారు?”

“సరే పెద్దమ్మా అన్నాను.”

“ఆవిడ?”

“పెట్టేసింది.”