తిప్పకుండా ఉంచిన మగ్గం

వంటింట్లో కుక్కర్ కూత మీద కూత పెడుతోంది. పొయ్యికి రెండడుగుల దూరంలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన తల ఎత్తలేదు.

"ఏమండీ, స్టవ్ కట్టేయండి!" పెరట్లోంచి భార్య అరిచింది. "పక్కింటివాళ్లయినా వచ్చి కట్టేస్తారు గానీ ఈయన కదలరు!"

కూతురు పరుగున వచ్చి కట్టేసింది. అడుగంటిన వాసన. విసురుగా సొరుగు లాగింది. తను తెచ్చిన వినికిడి మిషను పెట్టెకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

ఆయన బట్టల మిల్లులో మగ్గాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ రొదకు లోపలి చెవిలో చప్పుడును పట్టుకునే వెంట్రుకల్లాంటి కణాలు నశించాయి. పక్షులకైతే అవి మళ్లీ పుడతాయి, మనుషులకు పుట్టవు. వాటిని పుట్టించే దారి వెతకడమే ల్యాబులో కూతురి పని.

"ఎందుకు పెట్టుకోవు నాన్నా? నామోషీయా?" పెదాలు కనపడేలా ఎదురుగా నిలబడి అడిగింది.

"నువ్వు కణాలు మొలిపిస్తున్నావుగా. అప్పటిదాకా ఆగలేనా?"

"ఎలకల్లో నాన్నా! అదీ పసి ఎలకల్లో. మొలిచినవి కాసిని, అవీ నరాన్ని సరిగ్గా అందుకోవడం లేదు. నీదాకా వస్తుందో రాదో నాకే తెలీదు!"

ఆమె గొంతు జీరబోవడం ఆయనకు వినపడలేదు. గడ్డం వణకడం కనపడింది.

"అది పెట్టుకుంటే నీ పని మీద నమ్మకం లేనట్టుంటుందని..." నసిగాడు.

కూతురు కుర్చీలో కూలబడింది. మొండితనం అనుకున్నది ఇదా!

కాసేపటికి ఆయన చెయ్యి పట్టుకుంది. "మిల్లు మూసిన రోజుల్లో కూడా వెళ్లేవాడివి కదా, ఎందుకు?"

"మగ్గాలు కాసేపు తిప్పడానికి. ఊరికే వదిలేస్తే బిగుసుకుపోవూ?"

"చెవికి వెనకాలున్న నరం, మెదడూ అంతే నాన్నా. రేపు నేను కణాలు మొలిపించినా, ఆ నరం, మెదడూ వినడం మర్చిపోయి ఉంటే?"

ఆయన కళ్లు చికిలించి చూశాడు. "అమ్మ దొంగా! నా పాఠం నాకే చెబుతున్నావా?"

పెట్టె విప్పాడు. కూతురు మిషను ఆయన చెవికి అమర్చింది. ఆయన కొంచెంసేపు కదలకుండా కూర్చుని, మెల్లగా తల తిప్పాడు.

"ఆ కుళాయి ఎన్నాళ్ల నుంచి కారుతోంది?"

"చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది!" గుమ్మంలో నిలబడి అరిచింది భార్య.

"అరవకే. వినపడుతోంది" అంటూ ఆయన రెంచీ కోసం లేచాడు.

ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "కాఫీ తాగి చెయ్యండి" అంది, చాలా చిన్న గొంతుతో.

"సరే" అన్నాడాయన, వెనక్కి తిరిగి చూడకుండానే.