ఐదో వాకిట్లో సన్నాయి తాత

పదకొండున్నరకు వాకిలి గంట మోగింది. హనుమకొండ చౌరస్తా దాటుతున్న బస్సు తనంత తానే పక్కకు తప్పుకుని ఆగింది. ప్రయాణికులందరూ సంచుల్లోంచి అనుభవపట్టీలు తీసి నుదుటికి కట్టుకున్నారు. రోజూ ఇదే వేళకు కొట్లు, కచేరీలు, బడులు గంటసేపు ఇలాగే ఆగిపోతాయి. ఆ గంటలో జనం 'ఏడు వాకిళ్లు' అనే ఆటలోకి వెళ్లి, ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న ఏడు లోకాల్లో, ఇప్పటిదాకా తెరిచిన ఐదింటిలో తిరిగి వస్తారు. పట్టీ చూపించేది ఉత్త బొమ్మ కాదు. అక్కడ తగిలిన దెబ్బ, పట్టుకున్న చెయ్యి, నిజంగా జరిగినవాటి పక్కనే మనసులో చోటు చేసుకుంటాయి. అందుకే ఇప్పుడు "బాగున్నారా" అని అడిగేవాళ్లు తగ్గిపోయి, "ఎన్నో వాకిట్లో ఉన్నారు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

బస్సంతటిలో పట్టీ కట్టుకోనిది సౌదామిని ఒక్కతే. ఆ ఆటకు కథ రాసేవాళ్లలో ఆవిడ ముఖ్యురాలు. మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టనట్టు, ఆట సంస్థలో ఘట్టకర్తలు ఎవరూ ఆట ఆడరు. ఒక వాకిలి రాయడం కాగానే చేతులు దులుపుకుని తర్వాతిదానికి వెళ్లిపోతారు. తీరిక లేదని చెబుతారు గానీ, నిజానికి అదొక గొప్ప.

గంట గడిచింది. పక్క సీటులోని ముసలమ్మ పట్టీ విప్పి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పోయిండు బిడ్డా. సన్నాయి తాత పోయిండు. నా ఒళ్లె తల పెట్టి పోయిండు."

"ఆటే కదమ్మా," అంది సౌదామిని.

"ఆటైతేంది? మా ఆయన పోయిననాడు దవాఖానల నన్ను లోపలికి రానియ్యలే. ఈయననన్న దగ్గరుండి సాగనంపిన."

నెల కిందట ఈ మాట వింటే సౌదామిని పొంగిపోయేది. ఈరోజు మొహం చెల్లక కిటికీ వైపు తిరిగింది. ఆవిడ వెళ్తున్నది మడికొండలో ఉన్న అసలు సన్నాయి తాత ఇంటికే మరి, ఆయన రమ్మని కబురు పెడితే.

ఆయన పేరు కొమురెల్లి. డెబ్బై రెండేళ్ల మనిషి, పెళ్లిళ్లలో సన్నాయి ఊదడం తాతలనాటి వృత్తి. ఆటలో పాత్రలకు ప్రాణం రావాలంటే 'పోలిక అరువు' తీసుకోవాలి. అంటే, బతికున్న మనిషి గొంతు, నడక, దగ్గు, నవ్వు పాత్రలోకి దించుతారు. కొమురెల్లి పోలికతో సౌదామిని సన్నాయి తాతను తయారుచేసింది. ఆయన ఊదితే లోకాల మధ్య తలుపులు తెరుచుకుంటాయి. ఆటలోకి వచ్చిన ప్రతివాడినీ మొదటి వాకిట్లో చెయ్యి పట్టుకుని నడిపించేది ఆయనే.

ఇలాంటి సాహసగాథలకు ఒక ఆనవాయితీ ఉంది. దారి చూపే పెద్దమనిషి సగం దారిలో పోవాలి. ఆయన ఉన్నంతసేపు ఆడేవాడు ఆయన వెనక నక్కుతాడు, పోతేనే సొంత కాళ్ల మీద నిలబడతాడు. కాబట్టి నాలుగో వాకిట్లో తాత చావు ఆట పుట్టకముందే ఖాయమైపోయింది. సంస్థలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ సంగతి అరువిచ్చినవాళ్లకు చెప్పకూడదు. చెబితే గొంతులో భయం చేరి పోలిక చెడిపోతుందట.

పోలిక తీసిన ఆఖరి రోజున కొమురెల్లే అడిగాడు.

"నన్నేమన్న సంపుతరా బిడ్డా? మాది మంచికాడ ఊదే నోరు. జర చూసుకో."

"అయ్యో, లేదు తాతా. ఏడో వాకిలి దాకా మీరే తీసుకెళ్తారు," అంది సౌదామిని. అప్పటికే ఆయన చావును పదిహేడు రకాలుగా రాసి, అందులో బాగా ఏడిపించేది ఏరి పెట్టుకుంది కూడా. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనని ఆ పూట ఆవిడకు తట్టలేదు.

ఇంటి ముందు మంచం వాల్చి కొమురెల్లి ఆవిడను కూర్చోబెట్టాడు. చాయ్ తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ తిడతాడని గుండె దిటవు చేసుకుని వచ్చింది.

"మొన్న ఒక పెండ్లికి పోయిన బిడ్డా," అన్నాడు. "సన్నాయి నోట్ల పెట్టిన్నో లేదో, పందిరంత గొల్లుమన్నది. పెండ్లిపిల్ల తల్లి కిందపడ్డది. పంతులు గూడ ఏడ్సుడే. పెండ్లిల్లు సావింటి లెక్కయింది. గప్పటిసంది నన్ను ఎవ్వలు పిలుస్తలేరు. బజార్ల ఎదురైతె దండం పెడ్తరు గని మాట్లాడరు. పోయినోనితోని ఏం మాట్లాడుతరు?"

నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"వచ్చే ఐతారం మా రేణుక పెండ్లి. నా మన్మరాలు. తల్లిదండ్రి లేకుంటె నేనూ మా ముసల్దీ పెంచినం. దాని పెండ్లిల నేను ఊదాలె. పిలగాని దిక్కోల్లు వద్దంటున్నరు, అందరు ఏడుస్తరని. ఇది మాత్రం మా తాతనే ఊదాలె అని వాళ్లతోని కొట్లాడుతున్నది. నువ్వు సంపినవ్. నువ్వే బతికియ్యి బిడ్డా. గంతే."

ఆయన కేకలేసినా బాగుండేది. సౌదామిని తల ఎత్తకుండానే, "ఆదివారం లోపల బతికిస్తాను తాతా," అంది.

సంస్థ పెద్ద వసంతరావు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "గురువు తిరిగొస్తే ఆటలో బిగువేముంది?" అన్నాడు. తాత రాకపోతే ఆరో వాకిలి తను రాయనని సౌదామిని మొండికేసింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మంచిపని కోసం పోట్లాడుతున్నానని లోపల కాస్త గర్వం కూడా కలిగింది. చివరికి ఆయన దిగివచ్చాడు. ఆవిడ నాలుగు రోజులు కూర్చుని ఐదో వాకిట్లో కొత్త ఘట్టం రాసింది. పొద్దు పొడిచే వేళ, ఏటి అవతలి గట్టు మీద సన్నాయి వినిపిస్తుంది. మంచులోంచి తాత నడిచి వస్తాడు. చావలేదని, ఏరు తనను పక్కలోకపు ఒడ్డుకు చేర్చిందని చెబుతాడు. శుక్రవారం వాకిలి వేళకు కోట్లమంది ఆయన్ను చూశారు. చేసిన తప్పు కడుక్కున్నానని సౌదామిని తేలికపడింది.

ఆదివారం ఉదయం కాజీపేటలో పెళ్లి. కొమురెల్లి తెల్లటి కొత్త రుమాలు తలకు చుట్టుకుని, డోలు వాయించే మనిషి పక్కన కూర్చుని సన్నాయి ఎత్తాడు. ఆయన పిలిస్తే వచ్చిన సౌదామిని జనంలోంచి చూసింది. ఎవరూ ఏడవలేదు. ఒక్క కన్ను కూడా తడవలేదు. అమ్మయ్య అనుకుంది.

తర్వాత గమనించింది. ముందు రెండు వరుసల్లో ఎవరూ లేరు. పిల్లలు తల్లుల కొంగుల వెనక నిలబడి చూస్తున్నారు. ఒకాయన భార్య చెవిలో ఏదో గొణిగాడు. అందులో ఒక్క మాట సౌదామిని చెవిన పడింది.

"మాయజంట."

అది రెండో వాకిట్లోని మాట. మూడేళ్ల కిందట తనే రాసి, మరిచిపోయింది. పక్కలోకాల కథలకు అదీ ఒక ఆనవాయితీయే. చచ్చినవాడు తిరిగి వస్తే వాడు మనవాడు కాదు. మన ఇంట్లో దూరడానికి పక్కలోకం నుంచి వచ్చిన, అచ్చం వాడిలాగే ఉండే జంట. వాడిని మూడు ప్రశ్నలు అడగాలి. రెండింటికి సరిగ్గానే చెబుతాడు, మూడోదాని దగ్గర దొరికిపోతాడు. నిప్పు ముట్టుకోకూడదని పసిపిల్లలు నేర్చుకున్నంత గట్టిగా జనం ఆ సంగతి నేర్చుకున్నారు. వారం రోజులు ఆట ఆడిన మనిషిని ఎవరినడిగినా ఇలా అవుతుందని చెప్పేవాడు. సంస్థలో అలాంటి మనిషి ఒక్కడూ లేడు.

తలంబ్రాలు అయ్యాయి. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి దీవిస్తున్నారు. కొమురెల్లి సన్నాయి పక్కన పెట్టి, గుప్పిట్లో అక్షింతలతో మనుమరాలి ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. రేణుక తల వంచబోయింది. కానీ భుజాలు ముడుచుకుపోయాయి. ఆ పిల్ల ప్రమేయం లేకుండానే నోరు కదిలింది.

"తాతా, నేను చిన్నప్పుడు ఏ చెట్టు మీదికెల్లి పడ్డ?"

మనుమరాలు పరాచికమాడుతోందని కొమురెల్లి నవ్వాడు. "జామచెట్టు. ఎడమ చెయ్యి ఇరిగింది."

"నన్ను బడికి దేని మీద తీస్కపోయేటోనివి?"

"సైకిల్ మీద. ముందల కడ్డీ మీదనే కూసుంటనని ఏడ్సేదానివి." ఈసారి నవ్వు లేదు. ఆయన చుట్టూ చూశాడు. మంటపమంతా వేళ్ల మీద లెక్క పెడుతున్నట్టు ఉంది.

"నాయినమ్మ పోయేముందు నా చెవుల ఏం చెప్పింది?"

"అది నీకు చెప్పిన మాట బిడ్డా. నాకెట్ల ఎరుకైతది?"

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు. కొమురెల్లికి అప్పుడు అర్థమైంది. చాచిన చెయ్యి అలాగే ఉంచి మెల్లగా అన్నాడు.

"నేనే బిడ్డా. మీ తాతను."

దొరికిపోయిన ప్రతి మాయజంటా ఆఖరున అనే మాట అదే. సౌదామిని ఆ మాట కోసం అప్పట్లో రెండు రోజులు ఆలోచించింది. విన్నవాళ్ల గుండె జల్లుమనాలని.

రేణుక పీట మీది నుంచి వెనక్కి జరిగింది. ఆ వెంటనే రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కింది. "నువ్వేనని నాకు ఎరుకే తాతా. ఎరుకే. గని నాకు భయమైతున్నది." తల మాత్రం వంచలేకపోయింది.

కొమురెల్లి అక్షింతలు తిరిగి పళ్లెంలోనే పోశాడు. మంటపం దిగి జనంలో ఎవరికోసమో వెతికాడు. ఆయన కళ్లు తన వైపు తిరుగుతున్నాయని తెలియగానే సౌదామిని ముందున్న పొడుగాటి మనిషి వెనక్కి తప్పుకుంది. ఇదంతా నేను రాసిన కథ, ఆయన నిజం మనిషి అని అరవడానికి నోరుంది. కానీ ఇంతమంది తన మొహం చూస్తారని భయపడింది. ఇంత సిగ్గుమాలిన పని జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదని ఆవిడకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా అక్కడే దాక్కుంది.

ఆయన వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తిన్నవా బిడ్డా?"

సౌదామిని తల అడ్డంగా ఊపింది.

"దా, తిందాం. నా పక్కకు కూసోని తినేటోళ్లు ఈడ ఎవ్వలు లేరు. నేను నేనే అని నీకొక్కదానికే ఎరుక."

భోజనాల బంతిలో ఆయన పక్కన కూర్చుంది. అటూ ఇటూ నాలుగేసి విస్తళ్లు ఖాళీగా ఉన్నాయి. పప్పు వడ్డించే మనిషి వాళ్లిద్దరినీ దాటుకుని, తల తిప్పకుండా ముందుకు వెళ్లిపోయాడు. కొమురెల్లి మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, తనే వెళ్లి గిన్నె తెచ్చి, ముందు ఆవిడ విస్తట్లో వడ్డించాడు.