పన్నెండు సెకన్ల నిశ్శబ్దం

ముప్పయ్యేళ్ళు జపనీస్ భాష బోధించాను. తెలుగులోనైనా, జపనీసులోనైనా, వాక్యం కుంటితే నా చెవి ఊరుకోదు. "మా అమ్మమ్మ ముందు దెయ్యమైనా సరే, క్రియాపదం మింగకుండా మాట్లాడాలి" అని మా మనుమరాలు స్నేహితురాళ్ళతో అనేది. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని.

మనుమరాలు నర్సు. జపనీస్ వృద్ధులను చూసుకునే ఉద్యోగం ఒకటి ఆమెకు దాదాపు ఖాయమైంది. భాషా పరీక్ష గట్టెక్కడమే మిగిలింది. వ్యాకరణంలో ఢోకా లేదు. విని అర్థం చేసుకునే భాగంలో మాత్రం రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. ఒక్కసారే వినిపిస్తారనీ, మొదటి మాటను పట్టుకునే లోపల పదో మాట దాటిపోతుందనీ గోల పెట్టింది.

నేనొక సాధన చెప్పాను. వినిపించే గొంతు వెంట, అరమాట వెనుకగా, నీడలా పలుకుతూ పోవాలి. "అర్థం కోసం ఆగకు. ఆ గొంతు ఆగిన చోట ఆగు, ఊపిరి తీసిన చోట ఊపిరి తీయి" అన్నాను. ఆ మాట నాదే. దాని బాధ్యతా నాదే.

అలమర అడుగున నా పాత క్యాసెట్టు ఆమె కంటపడింది. మా సంస్థ విద్యార్థుల కోసం నేను తయారు చేసినది. అందులోని గొంతు నా చెల్లెలిది. దాన్ని వినవద్దని చెప్పవలసింది. కాని, "ఇంత స్పష్టంగా పలికేవాళ్ళను నేనెక్కడా వినలేదు, చిన్నమ్మమ్మేనా?" అని అడగగానే గర్వం నా నోరు మూసింది.

అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ప్రతి ప్రశ్న తరువాత, జవాబు గుర్తించడానికి పన్నెండు సెకన్ల ఖాళీ ఉండాలి. ఉత్త టేపు అతికిస్తే, టేపు తిరిగేటప్పుడు వినబడే బుసలో తేడా తెలిసిపోతుందని, నేను మా ఇంటి గది నిశ్శబ్దాన్నే రికార్డు చేసేదాన్ని. మాటలన్నీ ముందుగా పలికించి, ఖాళీలను చివర రికార్డు చేసేదాన్ని. మనిషి లేచి వెళ్తే గది చప్పుడు మారుతుందని చెల్లెలిని మైకు ముందే కూర్చోబెట్టేదాన్ని. గోడలకు బొంతలు కట్టేవాళ్ళం. ఫ్యాను ఆపేవాళ్ళం. నేను కుడిచేయి ఎత్తితే చెల్లెలు ఊపిరి బిగబట్టాలి, దించితే పీల్చుకోవాలి. ఆమెకు ఉబ్బసం. ఊపిరి తీస్తే పిల్లికూతలు టేపులో పడేవి.

ఇరవై ప్రశ్నలు, ఇరవై ఖాళీలు. పదహారో ఖాళీలో కూత పడింది. మిగిలినవి రేపు చేద్దామని ఆమె బతిమాలింది. నాటకాలాడవద్దని కసిరాను. మళ్ళీ చేయించాను. పదిహేడో ఖాళీకి నేను చేయి ఎత్తి ఉండగా తలుపు చప్పుడైంది. టేపు కోసం సంస్థ గుమాస్తా వచ్చాడు. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచి, అతనివైపు తిరిగి, గడువు గురించి మాట్లాడాను. ఎంతసేపో లెక్క పెట్టలేదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి చెల్లెలు నా చేతినే చూస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చేయి దించాను. పీల్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

సాయంత్రానికి పోయింది. పడుకుని ఉండగా ఉబ్బసం ముదిరిందని ఇంట్లో చెప్పాను. మిగిలిన నాలుగు ఖాళీలలో పాత ఖాళీల నకళ్ళు అతికించి, గడువు తప్పకుండా టేపు అందించాను.

పరీక్షకు తొమ్మిది రోజులుంది. వినే భాగం మధ్యాహ్నం మూడింటికి ఉంటుంది కనుక, అదే వేళకు, ఒకప్పుడు మేము టేపు తయారు చేసిన గదిలోనే మనుమరాలు సాధనకు కూర్చుంది. బయట వాన. చప్పుడవుతుందని ఫ్యాను తానే ఆపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చెల్లెలి గొంతు ఆమెకే వినబడుతుంది; నాకు వినబడేది దాని నీడ మాత్రమే. ఆ ఏర్పాటు నాకు హాయిగానే ఉంది.

ఐదారు ప్రశ్నలు సాగేసరికి గదిలో నీలగిరి తైలం వాసన వచ్చింది. చెల్లెలు గుండెకు రాసుకునేది. మా ఇంట్లో ఆ సీసా లేక ఎన్నో ఏళ్ళయింది. వాన వల్ల పాత బొంతలేవో వాసన వేస్తున్నాయని సర్దిచెప్పుకున్నాను.

మనుమరాలి గొంతు సన్నబడింది. పలుకు చక్కగా, మరీ చక్కగా ఉంది. ఖాళీ వచ్చినప్పుడల్లా మౌనంగా ఉండేది. అలవాటు కొద్దీ నేను లోలోపల అంకెలు లెక్కపెట్టేదాన్ని. పన్నెండు కాగానే ఆమె మళ్ళీ పలికేది.

పదహారో ఖాళీలో పిల్లికూత వినబడింది.

మనుమరాలికి ఉబ్బసం లేదు.

పదిహేడో ప్రశ్న ముగిసింది. ఖాళీ మొదలైంది. పది… పన్నెండు… ఇరవై… ముప్పై. ఆమె పలకలేదు. ఛాతీ కదలలేదు. చూపు పుస్తకం మీద లేదు. నా భుజం పైకి చూస్తోంది.

నేనూ అటు చూశాను.

నా కుడిచేయి గాలిలో లేచి ఉంది. ఎప్పుడు ఎత్తానో తెలియదు. దించబోయాను… దిగలేదు. మణికట్టు చుట్టూ చల్లగా, ఏదో బిగుసుకుని ఉంది. నలభై… యాభై… మనుమరాలి పెదవుల రంగు మారుతోంది. లేవబోతే కాళ్ళు ఆడలేదు. ఊపిరి తీయమని అరిచాను. ఆమె నా చేతిని చూస్తూనే ఉంది. అప్పుడు పెదవులు కదిలాయి.

"అక్కా… ఇప్పుడు పీల్చుకోనా?"

అక్కా అంది. అమ్మమ్మా అనలేదు.

"పీల్చుకో తల్లీ" అన్నాను. "తప్పు నాదే. చేయి ఎత్తి, నిన్ను మరిచిపోయాను. నువ్వు నాటకమాడలేదు."

చేయి దానంతటదే ఒళ్ళో పడింది. మనుమరాలు పెద్దగా ఊపిరి పీల్చి, దగ్గి, హెడ్‌ఫోన్లు తీసేసింది. తనకు కునుకు పట్టిందేమోనని, పద్దెనిమిదో ప్రశ్న వదిలేశానని నొచ్చుకుంది.

ఆ సాయంత్రమే ఆమెకు అంతా చెప్పాను. నన్ను తిడుతుందని ఎదురుచూశాను.

"చిన్నమ్మమ్మకు చెప్పావా?" అని మాత్రం అడిగింది.

"ఈరోజే చెప్పాను" అన్నాను.

వేరే రికార్డింగులతో సాధన ముగించి పరీక్ష రాసింది. వినే భాగంలో ఒక్క మార్కూ పోలేదు. నెల తిరగకుండా ఉద్యోగానికి వెళ్ళిపోయింది. క్యాసెట్టు నా దగ్గర మిగిలింది. దాన్ని పారవేసే ధైర్యం నాకు లేదు. రోజూ మూడింటికి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను.

పదిహేడో ఖాళీలో ఉన్నది నేను అతికించిన నకలు. అందులో ఏ చప్పుడూ ఉండకూడదు. ఇప్పుడు పన్నెండో సెకను దగ్గర ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు. దీర్ఘంగా, ఆత్రంగా, కూత లేకుండా.

ఆ వెంటనే పద్దెనిమిదో ప్రశ్న మొదలవుతుంది. టేపు చివరి దాకా, ఆపైన గదిలో చీకటి పడేదాకా కూర్చుని వింటున్నాను. పీల్చిన ఆ ఊపిరిని వదిలిన చప్పుడు ఇంతవరకు వినబడలేదు.